కొఠియా కొండలు: రెండు రాష్ట్రాల మధ్య తెగని ఎల్ల

తూర్పు కనుమల్లో దేవమాలి శిఖరానికి చేరువగా, సాలూరు మైదానానికి ఎగువన ఉన్న కొండల మీద కొఠియా గ్రామాలుగా పేరుపడిన గిరిజన పల్లెల సముదాయం ఉంది. ఈ సముదాయంలోని 28 గ్రామాల్లో 21 గ్రామాలను ఆంధ్రప్రదేశ్, ఒడిశా రెండూ తమవేనని చెప్పుకుంటున్నాయి. ఒడిశా లెక్కలో ఇవి కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులోని కొఠియా పంచాయతీకి చెందినవి. ఆంధ్రప్రదేశ్ లెక్కలో సాలూరు మండలానికి, అంటే 2022 ఏప్రిల్ దాకా విజయనగరం జిల్లాకు, ఆ తరువాత పార్వతీపురం మన్యం జిల్లాకు చెందినవి. అరకు, పాడేరు మొదలుకొని పార్వతీపురం, పాలకొండ దాకా కొండసీమలను కలుపుతూ ఏర్పడి, 2009లో తొలిసారి ఎన్నిక జరుపుకున్న అరకు లోక్‌సభ స్థానంలోనూ, దానికి ఎగువనున్న కొరాపుట్ లోక్‌సభ స్థానంలోనూ ఈ పల్లెల వారి ఓట్లు నమోదై ఉన్నాయి.

ఈ వివాదాన్ని రెండు ప్రభుత్వాల పంతంగానో, కొండల్లోని ఖనిజాల కోసం సాగే పోటీగానో చూడటం వాడుకలో ఉంది. ఆ రెండింటికీ ఇందులో పాత్ర ఉన్నా, వివాదానికి మూలం అంతకన్నా లోతైనది. హద్దు గీతలతో పని లేకుండా శతాబ్దాల తరబడి సాగిన కొండరాజ్యాల వ్యవస్థను భాషాప్రాతిపదికన విడదీయవలసి వచ్చినప్పుడు, ఆ కొండల్లో నివసించేవారి మాతృభాష తెలుగూ కాదు, ఒడియా కూడా కాదన్న వాస్తవానికి నిర్ణేతల దృష్టిలో తగిన స్థానం దొరకలేదు. వారి సమ్మతి లేకుండా గీసిన ఎల్లను తెంచడానికి ఆ తరువాత జరిగిన ప్రయత్నాలు కూడా అదే లోపంతో సాగాయి. కొఠియా చరిత్రను మొదటి నుంచి పరిశీలిస్తే ఈ లోపమే అడుగడుగునా కనిపిస్తుంది.

కనుమ దారులు, కొండరాజులు

ఈ ప్రాంతమంతా ఒకప్పుడు నందపురం రాజ్యంలో భాగం. ఈనాటి అరకు లోయకు ఎగువన, కొరాపుట్ జిల్లాలో ఉన్న నందపురం నుంచి పాలించిన సూర్యవంశ రాజులు 17వ శతాబ్దిలో రాజధానిని జయపురానికి మార్చుకున్నారు. 32 మెట్ల సింహాసనంగా ప్రసిద్ధమైన శిథిలపీఠం పాత రాజధానికి గుర్తుగా నందపురంలో నిలిచి ఉంది. ఆ రాజుల అధికారం భూమి మీద గీసిన గీత లోపలికి పరిమితమైనది కాదు. కనుమ దారులను ఎవరు కాపలా కాస్తారు, ఏ ముఠా ఎవరికి కప్పం చెల్లిస్తుంది, యుద్ధం వస్తే ఎవరి పిలుపుకు ఎవరు విల్లంబులతో కదలివస్తారు అన్న సంబంధాల మీదనే అది ఆధారపడి ఉండేది. ముఠా అంటే కొన్ని కొండ గ్రామాల సముదాయం. ఆ గ్రామాల నుంచి శిస్తు వసూలు చేసి పైవారికి చేర్చే పెద్దను ముఠాదారు అనేవారు. ముఠాదారు ఒక దొర పక్షం నుంచి మరొక దొర పక్షానికి మారితే, రాజ్యపు ఎల్ల కూడా అతనితో పాటే జరిగేది.

సాలూరు పక్కనున్న పాచిపెంట జమీందారీ పుట్టుక ఈ వ్యవస్థ తీరును స్పష్టంగా చూపుతుంది. మైదానం నుంచి జయపురానికి ఎక్కే కనుమ దారి మొదట్లో పాచిపెంట ఉంది. ఆ దారిని కాపాడే బాధ్యతతో జయపురం రాజుల కింద ఎదిగిన ఆ వంశానికి, రాజ్యపు దక్షిణ ద్వారానికి అధిపతి అనే అర్థమిచ్చే బిరుదు దక్కింది. అంటే ఈనాడు రెండు రాష్ట్రాలను విడదీస్తున్న కొండ అంచు, ఆనాడు ఒకే రాజ్యానికి వాకిలిగా పనిచేసింది. ఎద్దుల మీద ఉప్పు బస్తాలు వేసుకుని తీరం నుంచి బయలుదేరిన బంజారా వర్తకులు ఆ దారినే ఎక్కి, కొండల్లోని ధాన్యంతో, అటవీ ఫలసాయంతో అదే దారిన దిగివచ్చేవారు. సాలూరు పట్టణం వర్తక కేంద్రంగా ఎదగడానికి ఈ రాకపోకలే ఆధారం. కొండవాసికి సాలూరు సంత పరాయి దేశం కాదు, జయపురం దర్బారూ పరాయి దేశం కాదు.

18వ శతాబ్దిలో విజయనగరం పూసపాటివారు బలపడి కొండ జమీందారులను తమ చెప్పుచేతల్లోకి తెచ్చుకున్నారు. 1794 జులై 10న పద్మనాభ యుద్ధంలో చిన విజయరామరాజు మరణించిన తరువాత ఈస్టిండియా కంపెనీ ఈ జమీందారులతో నేరుగా ఒప్పందాలు చేసుకోవడం మొదలుపెట్టింది. 1803 నాటి శాశ్వత పైసలా, అంటే జమీందారు ఏటా చెల్లించవలసిన పేష్కషును ఎప్పటికీ మారకుండా నిర్ణయించే ఏర్పాటు, జయపురానికి 16,000 రూపాయల పేష్కషును ఖరారు చేసింది. కంపెనీకి కావలసింది ఆ మొత్తమే గనుక, జయపురం జమీందారీ ఏ గెడ్డ దగ్గర ముగిసి పాచిపెంట ఎక్కడ మొదలవుతుందో కొలిచి చూడవలసిన అవసరం దానికి కలగలేదు. కొలవకుండా వదిలేసిన ఆ హద్దే 133 ఏళ్ల తరువాత రాష్ట్ర సరిహద్దుగా మారింది.

ఏజెన్సీ: సర్వేకు దూరంగా ఉంచిన సీమ

గుంసూరు, పర్లాకిమిడి ప్రాంతాల్లో తిరుగుబాట్లు జరిగిన తరువాత 1839లో వచ్చిన 24వ చట్టం, గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల, సాధారణ చట్టాల పరిధి నుంచి తప్పించి, గవర్నరుకు ఏజెంటుగా వ్యవహరించే కలెక్టరు చేతిలో పెట్టింది. మన్యానికి ఏజెన్సీ అన్న పేరు ఈ ఏర్పాటు వల్లనే వచ్చి, తెలుగువారి నోట నేటికీ నిలిచి ఉంది. 1863లో జయపురంలో బ్రిటిష్ అధికారుల ప్రత్యక్ష పాలన మొదలైంది. 1874 నాటి షెడ్యూల్డు జిల్లాల చట్టం ఈ ప్రత్యేక ప్రతిపత్తిని మరింత స్థిరపరచింది. అయితే ఈ అన్ని దశల్లోనూ జయపురం, సాలూరు, పాచిపెంట, అరకు, పాడేరు ప్రాంతాలన్నీ విశాఖపట్నం జిల్లాలోనే ఉన్నాయి. పైన పొట్టంగి తాలూకాకూ కింద సాలూరు తాలూకాకూ ఒకే కలెక్టరు అధిపతి అయినప్పుడు, మధ్యలోని ఒక పల్లె ఏ తాలూకా చిట్టాలో ఉందన్నది గుమాస్తాల స్థాయిలో సర్దుకుపోయే విషయమే తప్ప వివాదానికి కారణం కాలేదు.

కొండల్లో గ్రామం అన్న భావన కూడా మైదానంలోని రెవెన్యూ గ్రామం వంటిది కాదు. పోడు వ్యవసాయంలో అడవిని నరికి, ఎండిన తరువాత కాల్చి, ఆ బూడిద నేలలో చోళ్లు, సామలు, కందులు కలిపి చల్లి, రెండు మూడేళ్ల తరువాత ఆ వాలును బీడు పెట్టి మరో వాలుకు మారడం ఆనవాయితీ. వ్యాధులు వ్యాపించినా, వరుసగా చావులు సంభవించినా గూడెం మొత్తాన్ని వేరే చోటికి తరలించి అదే పేరుతో కొత్త ఇళ్లు కట్టుకోవడం కూడా ఉండేది. అందువల్ల ఒక కాలంలో జాబితాకు ఎక్కిన పేరు మరొక కాలంలో మరొక వాలు మీద కనిపించడం అసాధారణం కాదు. పట్టాలూ సర్వే నెంబర్లూ ఆధారంగా హద్దును నిరూపించాలనుకునే ఆధునిక విధానానికి ఈ సీమ మొదటి నుంచీ లొంగకపోవడానికి ఇది ముఖ్య కారణం.

భాషా రాష్ట్రాల వాదం, 1936 నాటి ఉత్తర్వు

20వ శతాబ్ది మొదటి దశాబ్దాల్లో రెండు భాషా ఉద్యమాలు ఈ కొండల అంచుల దగ్గర ఎదురుపడ్డాయి. మధుసూదన్ దాస్ నాయకత్వంలో 1903లో మొదలైన ఉత్కళ సమ్మేళనం, మద్రాసు, బెంగాల్, మధ్య పరగణాల్లో చెదిరి ఉన్న ఒడియా ప్రాంతాలన్నీ ఒకే పాలన కిందికి రావాలని కోరింది. 1913లో బాపట్లలో సమావేశమైన ఆంధ్ర మహాసభ తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఉద్యమానికి రూపమిచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో ఎక్కడి దాకా ఒడియా సీమ, ఎక్కడి నుంచి తెలుగు సీమ అన్న ప్రశ్న మీద విచారణలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1924లో ఫిలిప్, డఫ్ అనే అధికారులు మద్రాసు రాష్ట్రంలోని ఒడియా ప్రాంతాల అభిప్రాయాన్ని విచారించారు. 1931లో శామ్యూల్ ఓడొనెల్ అధ్యక్షతన ఒరిస్సా సరిహద్దు సంఘం ఏర్పడింది. ఆ సంఘంలో ఒడియా వాదం పక్షాన పర్లాకిమిడి రాజు కృష్ణచంద్ర గజపతి, తెలుగువారి పక్షాన సి.వి.ఎస్. నరసింహరాజు సహసభ్యులుగా ఉన్నారు. కువి మాట్లాడే కొందుల పక్షాన గాని, ఏజెన్సీలోని మరే ఇతర గిరిజన సమాజం పక్షాన గాని అందులో సభ్యుడెవరూ లేరు.

కువి ద్రావిడ భాషాకుటుంబానికి చెందిన కొందుల భాష. కొండదొరలు, జాతాపులు, పొరజాలు, గదబలు తదితర సమాజాలకు వారి వారి భాషా సంప్రదాయాలు ఉండగా, సంతల్లోనూ పరస్పర వ్యవహారాల్లోనూ ఆదివాసీ ఒడియా అనే వాడుక భాష అరకు నుంచి జయపురం దాకా అందరినీ కలిపేది. కనుమ దిగి మైదానానికి వచ్చినప్పుడు తెలుగుతో పని జరిగేది. ఇటువంటి బహుభాషా సీమలో ఏదో ఒక పెద్ద భాషను ఆధారంగా తీసుకుని ఎల్ల గీయాలంటే, ఇళ్లలో మాట్లాడే భాషలను పక్కనబెట్టి, బజారులో నడిచే భాషల మధ్య ఎంచుకోవలసి వస్తుంది. విచారణల్లో తెలుగు, ఒడియా పక్షాలు తమ తమ జనాభా లెక్కలతో వాదించుకున్న తీరులో ఇదే జరిగింది.

జయపురం సంస్థానం ఈ ద్వంద్వ స్వభావానికి ప్రత్యక్ష ఉదాహరణ. 1931లో గద్దెనెక్కిన విక్రమదేవ వర్మ తెలుగులోనూ ఒడియాలోనూ పండితుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల విరాళం ప్రకటించిన దాతగా విశాఖపట్నంలో ఆయన పేరు నేటికీ గౌరవంతో నిలిచి ఉంది. ఆ విశ్వవిద్యాలయపు సైన్సు, టెక్నాలజీ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. అదే పాలకుని సంస్థానం ఒడియా రాష్ట్రవాదులు ప్రధానంగా కోరిన భూభాగం. 1933 నాటి శ్వేతపత్రం జయపురాన్ని కొత్త ఒరిస్సా వెలుపలే ఉంచగా, 1934లో బ్రిటిష్ పార్లమెంటు సంయుక్త సంఘం ఆ నిర్ణయాన్ని మార్చి జయపురాన్ని ఒరిస్సాలో చేర్చాలని సూచించింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది.

ఆ ఏర్పాటుకు ఆధారమైన ఉత్తర్వు, విశాఖపట్నం జిల్లా నుంచి ఒరిస్సాకు బదిలీ అయ్యే భూభాగాన్ని రెండు మాటల్లో నిర్వచించింది: జయపురం అవిభాజ్య సంస్థానం, దానితో పాటు ఆ సంస్థానంలో చేరని పొట్టంగి తాలూకా భాగం. అవిభాజ్య సంస్థానమంటే వారసుల మధ్య పంపకానికి వీలులేకుండా జ్యేష్ఠునికే సంక్రమించే జమీందారీ. అంటే నేల మీద గుర్తించగల కొండకొమ్మునో గెడ్డనో చెప్పకుండా, ఒక జమీందారు ఆస్తి వివరంతోనూ ఒక తాలూకా పేరుతోనూ రాష్ట్ర సరిహద్దును నిర్ణయించారు. కాగితం మీద ఇది నిర్దుష్టంగానే కనిపిస్తుంది. అయితే జయపురం, పాచిపెంట, సాలూరు జమీందారీల మధ్య కొండ అంచులో ఉండి సమగ్రమైన సర్వే జరగని పల్లెలు పొట్టంగి కిందికి వస్తాయా, సాలూరు కిందికి వస్తాయా అన్నది ఆ ఉత్తర్వు చదివినంత మాత్రాన తేలదు. కొఠియా వివాదం సరిగ్గా ఈ సందులో పుట్టింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు మద్రాసుకు బదులుగా వచ్చిన కొత్త వారసులకు ఈ సందిగ్ధం కూడా సంక్రమించింది.

న్యాయస్థానం మెట్ల మీద

1968లో ఒరిస్సా ప్రభుత్వం సుప్రీంకోర్టులో దావా వేసింది. రాష్ట్రాల మధ్య తలెత్తే వివాదాలను కింది కోర్టులతో నిమిత్తం లేకుండా నేరుగా సుప్రీంకోర్టు విచారించే అధికారాన్ని రాజ్యాంగంలోని 131వ అధికరణం ఇస్తుంది. 1968 డిసెంబరు 2న కోర్టు రెండు రాష్ట్రాలనూ యథాతథ స్థితిని పాటించాలని ఆదేశించింది. అంటే ఆ రోజుకు ఎవరి ఆధీనంలో ఏది ఉందో దానిని మార్చే చర్యలు ఎవరూ తీసుకోరాదు. దావా దాదాపు నాలుగు దశాబ్దాలు సాగి, 2006 మార్చి 30న సాంకేతిక కారణాల మీద ముగిసింది. యథాతథ స్థితి కొనసాగాలన్న కట్టుబాటు మిగిలింది గాని, ఏ పల్లె ఎవరిదన్న అసలు ప్రశ్నకు సమాధానం రాలేదు. రాష్ట్రాల సరిహద్దులను మార్చే అధికారం 3వ అధికరణం ప్రకారం పార్లమెంటుకే ఉంది గనుక, చివరి మాట రాజకీయ నిర్ణయం ద్వారానే రావలసి ఉంది.

ఆ నిర్ణయం రాకపోవడంతో వివాదం మళ్లీ రాజుకుంది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరు పంచాయతీల్లో ఎన్నికలు జరిపించింది. ఇది యథాతథ స్థితి ఉల్లంఘన అంటూ ఒడిశా సుప్రీంకోర్టులో కోర్టు ధిక్కార పిటిషను వేయగా, తాము పాలిస్తున్న గ్రామాల్లోనే ఎన్నికలు జరిపామని ఆంధ్రప్రదేశ్ వాదించింది. అదే ఏడాది నవంబరు 9న ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్‌తో సమావేశమైనప్పుడు, కొఠియాతో పాటు వంశధార మీది నేరడి బ్యారేజీ, జంఝావతి, పోలవరం సమస్యలను కూడా చర్చించి, ప్రధాన కార్యదర్శుల స్థాయిలో సంయుక్త సంఘాన్ని వేయాలని నిర్ణయించారు. ఆ సమావేశం వల్ల కూడా ఎల్ల తేలలేదు.

పాలనే సాక్ష్యం: సముద్రాల మీది వివాదాల నుంచి ఒక పోలిక

రెండు ప్రభుత్వాలూ ఈ చిన్న పల్లెల మీద ఇంత శ్రద్ధ చూపడం వెనుక ఉన్న తర్కం, దేశాల మధ్య సముద్రాల మీదా దీవుల మీదా సాగిన వివాదాలను చూస్తే బోధపడుతుంది. ఫిలిప్పీన్స్‌కూ ఆనాటి డచ్చి ఇండీస్‌కూ మధ్యనున్న పాల్మాస్ దీవి విషయంలో 1928లో తీర్పు చెప్పిన మధ్యవర్తి మాక్స్ హూబర్, స్పెయిన్ నుంచి సంక్రమించిందని అమెరికా చూపిన హక్కు కన్నా, ఆ దీవి మీద డచ్చివారు ఎడతెగకుండా, శాంతియుతంగా నడిపిన అధికారానికే ఎక్కువ విలువ ఇచ్చాడు. ఇంగ్లిష్ ఛానెల్‌లోని మింకియే, ఎక్రెహో దీవుల గురించి బ్రిటన్, ఫ్రాన్స్ వాదించుకున్నప్పుడు, అంతర్జాతీయ న్యాయస్థానం 1953లో మధ్యయుగపు దానపత్రాల కంటె, ఆ రాళ్ల మీది గుడిసెలకు జెర్సీ అధికారులు పన్ను విధించారా, అక్కడ జరిగిన నేరాలను జెర్సీ కోర్టులు విచారించాయా అన్న ఆధారాలనే ప్రధానంగా పరిశీలించి బ్రిటన్ పక్షాన తీర్పు ఇచ్చింది.

ఈ తీర్పుల సారాంశం ఒకటే: హక్కు పత్రం అస్పష్టంగా ఉన్నప్పుడు, పాలించినవారికే నేల దక్కే అవకాశం ఎక్కువ. పూర్వం ఒకే వలస ప్రభుత్వం కింద ఉన్న రెండు భాగాల మధ్య హద్దు విషయంలో కూడా ఇది వర్తిస్తుందని, 1986లో బుర్కినా ఫాసో, మాలి దేశాల వివాదంలో అదే న్యాయస్థానం వివరించింది. పత్రం స్పష్టంగా ఉంటే పాలన దానిని బలపరిచే సాక్ష్యం మాత్రమే అవుతుంది, పత్రం తేల్చలేనప్పుడు పాలనకు నిర్ణాయక పాత్ర వస్తుంది. ఒకప్పటి విశాఖపట్నం జిల్లాలోని రెండు తాలూకాల మధ్య తగవైన కొఠియాకు ఇది చాలా దగ్గరి పోలిక. ఒక సర్కారు బడి కడితే పొరుగు సర్కారు వసతిగృహం మంజూరు చేయడం, ఒకరు రోడ్డు వేస్తే మరొకరు ఆరోగ్య కేంద్రం తెరవడం, ఇద్దరూ రేషన్ కార్డులూ పింఛన్లూ ఇవ్వడం సంక్షేమం మాత్రమే కాదు. ఏనాటికైనా న్యాయస్థానం ముందు పెట్టదగిన సాక్ష్యాన్ని కూడబెట్టడం కూడా.

అయితే అంతర్జాతీయ న్యాయం ఈ పోటీకి ఒక కళ్లెం కూడా వేసింది. వివాదం స్పష్టంగా తలెత్తిన తేదీ తరువాత, వాదాన్ని బలపరచుకోవడానికే చేసిన పనులకు సాక్ష్యంగా విలువ ఉండదన్నది ఆ సూత్రం. దక్షిణ చైనా సముద్రం మీద 2016 జులై 12న తీర్పు ఇచ్చిన మధ్యవర్తిత్వ మండలి, అక్కడి రీఫ్‌లు ఎవరి సొత్తన్న ప్రశ్న జోలికి పోకుండానే, విచారణ సాగుతుండగా చైనా కృత్రిమ దీవులు నిర్మించడం వివాదాన్ని మరింత జటిలం చేసిందని తప్పుపట్టింది. అదే తీర్పులో అంతకన్నా ముఖ్యమైన అంశం మరొకటి ఉంది: స్కార్‌బరో షోల్ ఎవరిదైనా కావచ్చు, తరతరాలుగా అక్కడ వేట సాగించిన జాలరుల సంప్రదాయ హక్కు దానితో నిమిత్తం లేకుండా నిలుస్తుందని మండలి చెప్పింది. రాజ్యం హక్కు వేరు, ఆ చోటును బతుకుతెరువుగా చేసుకున్నవారి హక్కు వేరు అన్న ఈ వివేకం కొఠియా చర్చలో నేటికీ తగినంతగా వినిపించడం లేదు.

రెండు కార్డులు, తేలని పట్టా

రెండు ప్రభుత్వాల పోటీ వల్ల గ్రామస్థులకు కొంత మేలు జరిగిన మాట నిజం. ఒకే ఇంట్లో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ రెండు ఓటరు గుర్తింపు కార్డులూ ఉండటం ఇక్కడ సాధారణం. 2019 ఏప్రిల్ 11న, తిరిగి 2024 మే 13న, అరకు, కొరాపుట్ లోక్‌సభ స్థానాలకు పోలింగ్ ఒకే రోజున జరిగింది. ఆ రోజుల్లో గ్రామస్థుడు ఏ పోలింగ్ కేంద్రం వైపు అడుగు వేస్తాడన్నదే, అభ్యర్థి ఎవరన్న దానికన్నా ముందు, రెండు రాష్ట్రాల అధికారులకు ఆసక్తి కలిగించే విషయమైంది. కొండ చీపుర్లు, చింతపండు, పసుపు అమ్ముకోవడానికి సాలూరు సంతకు దిగే కుటుంబానికి పొట్టంగి బ్లాకు కార్యాలయంతోనూ పని ఉంటుంది. చైత్ర మాసంలో అరకు పల్లెలు ఇటుకల పండగగా జరుపుకునే వేడుకనే కొరాపుట్ పల్లెలు చైత్ర పర్వంగా జరుపుకుంటాయి, థింసా అడుగులు ఎల్లకు రెండు పక్కలా ఒకటే.

కానీ కార్డులకూ భూమికీ మధ్య తేడా ఉంది. బియ్యం, పింఛను ఏ ప్రభుత్వమైనా ఇవ్వగలదు. సాగుచేసుకునే వాలు మీద ఎవరూ ప్రశ్నించలేని హక్కును, ఆ నేల తన పరిధిలోనిదని తేలిన ప్రభుత్వం మాత్రమే ఇవ్వగలదు. 2006లో పార్లమెంటు చేసిన అటవీ హక్కుల చట్టం, 2005 డిసెంబరు 13 నాటికి అటవీ భూమిని సాగుచేస్తున్న గిరిజనులకు ఆ భూమి మీద హక్కు పత్రం ఇవ్వాలని నిర్దేశించింది. వివాదాస్పద పల్లెలో ఒక రాష్ట్రం ఇచ్చిన పత్రాన్ని రెండో రాష్ట్రపు అటవీ సిబ్బంది అంగీకరించవలసిన అగత్యం లేదు. కొండల్లో ఉన్నట్టు చెబుతున్న మాంగనీసు, బాక్సైటు వంటి ఖనిజాల కోసం రేపు గనుల కంపెనీలు వస్తే, తిరుగులేని హక్కు పత్రం లేని రైతు ఎవరి ముందు తన వాదన వినిపించుకోవాలన్నది కూడా తేలని ప్రశ్నే. రెండు ప్రభుత్వాల ఉదారత మధ్య నిలిచిన ఈ అనిశ్చితే కొఠియా ప్రజలు చెల్లిస్తున్న అసలు మూల్యం.

ఒప్పందం ఎవరెవరి మధ్య

ఇదే సరిహద్దు మీద రెండు రాష్ట్రాలు కలిసి పనిచేసిన ఉదాహరణ కూడా ఉంది. అరకుకు పశ్చిమాన ప్రవహించే మాచ్‌ఖండ్ నది మీద జోలాపుట్ జలాశయంతో, డుడుమ జలపాతం శక్తితో విద్యుత్తు తయారుచేయడానికి మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు 1946లో ఒప్పందానికి వచ్చాయి. విద్యుత్తులో మద్రాసుకు 70 శాతం, ఒరిస్సాకు 30 శాతం అన్న ప్రాతిపదికన మొదలైన ఆ కేంద్రంలో 1955 నుంచి ఉత్పత్తి జరుగుతోంది, వాటాల సర్దుబాట్లు కూడా చర్చల ద్వారానే జరిగాయి. నది ఎవరిదన్న పంతం లేకుండా ఫలాన్ని పంచుకోవచ్చునని మాచ్‌ఖండ్ నిరూపించింది. కానీ ఆ జలాశయం కింద ఇళ్లూ పొలాలూ కోల్పోయిన దాదాపు 3,000 కుటుంబాల్లో సగానికి పైగా గిరిజనులే. వారికి తగిన పునరావాసం దొరకలేదు. ప్రభుత్వాల మధ్య రాజీ కుదిరినంత మాత్రాన అక్కడి ప్రజలకు న్యాయం జరిగినట్టు కాదన్నది ఆ ఒప్పందం నేర్పిన రెండో పాఠం.

భారత్, బంగ్లాదేశ్ మధ్య దశాబ్దాలు నలిగిన భూసరిహద్దు సమస్యను తీర్చిన తీరు ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. 100వ రాజ్యాంగ సవరణ తరువాత 2015 జులై 31 అర్ధరాత్రి బంగ్లాదేశ్ భూభాగంలోని 111 భారత ఖండికలు, భారత భూభాగంలోని 51 బంగ్లాదేశ్ ఖండికలు చేతులు మారినప్పుడు, వాటిలో నివసించేవారు ఏ దేశపు పౌరులుగా ఉండాలో తామే ఎంచుకునే అవకాశం ఇచ్చారు. రెండు సార్వభౌమ దేశాలు చేయగలిగిన ఈ పనిని ఒకే రాజ్యాంగం కింద ఉన్న రెండు రాష్ట్రాలు చేయలేకపోవడానికి కారణం లేదు. కొఠియాలో పౌరసత్వ ప్రశ్నే లేదు; తేలవలసింది పాలన ఏ రాజధాని నుంచి సాగాలన్నది మాత్రమే.

అందుకు మార్గం చట్టంలో ఉంది. షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం, తమ సంప్రదాయాలనూ వనరులనూ కాపాడుకునే సామర్థ్యాన్ని గ్రామసభలో గుర్తించింది. రెండు రాష్ట్రాలు కలిసి సర్వే జరిపి, ఆ సర్వే ఫలితాన్ని గ్రామం వారీగా గ్రామసభల ముందు వారి భాషలోనే వివరించి, వారి అభిప్రాయాన్ని నమోదు చేసి, దాని ఆధారంగా పార్లమెంటు 3వ అధికరణం కింద చట్టం చేయవచ్చు. ఎల్ల ఏ పక్కకు తేలినా, ఇంతవరకూ ఏ ప్రభుత్వం ఇచ్చిన భూమి పత్రమైనా, కుల ధ్రువీకరణమైనా, చదువు సర్టిఫికెట్టు అయినా రెండో ప్రభుత్వం గౌరవిస్తుందన్న నిబంధన ఆ చట్టంలో ముందుగా చేరాలి. స్కార్‌బరో జాలరుల విషయంలో అంతర్జాతీయ మండలి గుర్తించినట్టే, సాగుచేసుకుంటున్న వాలు మీదా, సేకరించుకుంటున్న అడవి మీదా గిరిజనుల హక్కు రాష్ట్ర సరిహద్దుకు ముందు పుట్టినది, దానితో నిమిత్తం లేనిది. ఆ హక్కును మొదట స్థిరపరచి, ఎల్లను తరువాత గీస్తే, 1803లో కంపెనీ, 1936లో సామ్రాజ్య ప్రభుత్వం చేసిన పొరపాటును స్వతంత్ర దేశపు రెండు రాష్ట్రాలు కలిసి దిద్దుకున్నట్టవుతుంది.